పాత కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్ స్లో అయిపోయింది, ఎస్‌ఎస్‌డీ వేయిద్దామనుకుంటున్నాం అంటూ చుట్టాలు, ఇరుగుపొరుగువాళ్లు అడిగే సందేహాలు మళ్లీ మళ్లీ అవే వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్‌డిస్క్‌కి బదులు ఫైళ్లు దాచుకోవడానికి వాడే, లోపల చిప్‌లే తప్ప తిరిగే భాగాలు లేని డ్రైవ్. ఇళ్లల్లో వాడే విండోస్ డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లే దీనికి ఆధారం. మీరు ఏ దశలో ఉన్నారో చూసుకుని నేరుగా ఆ ప్రశ్నకే వెళ్లిపోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను: డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసిన స్పీడ్ అంకె చూసి డబ్బు పెట్టకండి. ముందు మీ మెషీన్‌లో ఏది పడుతుందో చూసుకోండి, మిగిలిన బడ్జెట్ సైజు మీద పెట్టండి.

## కొనాలా, వద్దా?

మా కంప్యూటర్ ఆన్ అవ్వడానికే ఐదు నిమిషాలు పడుతోంది. ఎస్‌ఎస్‌డీ వేస్తే నిజంగా బాగుపడుతుందా?

హార్డ్‌డిస్క్ మీద నడుస్తున్న మెషీన్ అయితే చాలావరకు బాగుపడుతుంది. తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ 100 శాతం చూపిస్తూ, పక్కన వేగం మాత్రం సెకనుకి ఒకటి రెండు ఎంబీలే కనిపిస్తోందా? అయితే జబ్బు అక్కడే ఉంది. హార్డ్‌డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటుంది, చదివే ముల్లు ప్రతి ఫైలుకీ అటూ ఇటూ జరగాలి. ఒక్కో చిన్న ముక్క అందుకోవడానికి 10 మిల్లీసెకన్లకు అటూ ఇటూగా పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు ఇలాంటి ముక్కలు వేలల్లో చదవాలి. ఎస్‌ఎస్‌డీలో జరగాల్సిన ముల్లే లేదు, అదే పని మిల్లీసెకనులో పదో వంతుకే అయిపోతుంది. డిస్క్ ఖాళీగా ఉండి సీపీయూ 100 చూపిస్తుంటే మాత్రం ఎస్‌ఎస్‌డీతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ వేయాలా? రెండింటికీ బడ్జెట్ లేదు.

8 జీబీ ర్యామ్ ఉంటే కళ్లు మూసుకుని ఎస్‌ఎస్‌డీ వేయండి. 4 జీబీనే అయినా ముందు ఎస్‌ఎస్‌డీయే వేయించి, వీలైనప్పుడు ర్యామ్ కూడా పెంచుకోండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకుంటుంది. క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మెషీన్ మొత్తం బిగుసుకుపోయేది అందుకే. ఆ డిస్క్ హార్డ్‌డిస్క్ అయితే నరకం, ఎస్‌ఎస్‌డీ అయితే భరించగలిగే స్థితి.

ల్యాప్‌టాప్ కొని పదేళ్లయింది. దాని మీద ఇప్పుడు డబ్బు పెట్టడం దండగ కాదా?

బ్యాటరీ, కీబోర్డ్, స్క్రీన్ మడతపడే కీలు బాగుంటే దండగ కాదు. అయితే ఒక విషయం తెలిసి చేయండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్‌తో పాటు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి వచ్చిన ప్రాసెసర్ కావాలి. అంతకంటే పాతదైతే ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్‌కి బదులు లైనక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవడం మంచి దారి. పిల్లల చదువుకీ, బ్రౌజింగ్‌కీ, ఉత్తరాలు రాసుకోవడానికీ సరిపోతుంది. రేపు ల్యాప్‌టాప్ పోయినా ఎస్‌ఎస్‌డీ పోదు, యూఎస్‌బీ కేస్‌లో పెట్టి పెన్‌డ్రైవ్‌లా వాడుకోవచ్చు.

ఎస్‌ఎస్‌డీ వేస్తే గేమ్స్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేమ్‌లు) పెరుగుతుందా?

పెరగదు. గేమ్ తెరుచుకోవడం, లెవెల్ లోడ్ అవ్వడం వేగంగా జరుగుతాయి. ఎఫ్‌పీఎస్ గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ పని.

## మా మెషీన్‌కి ఏది పడుతుంది?

సాటా, ఎం.2, ఎన్‌వీఎంఈ అంటున్నారు. ఇవి మూడు రకాలా?

అందరూ తికమక పడేది ఇక్కడే. ఎం.2 అనేది ఆకారం పేరు. సాటా, ఎన్‌వీఎంఈ అనేవి డ్రైవ్ కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు. 2.5 అంగుళాల చదును డబ్బాలా, ఎక్కువగా 7 మిల్లీమీటర్ల మందంతో వచ్చేది సాటా. చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా ఉండేది ఎం.2, కానీ దాని లోపల సాటా ఉండొచ్చు, ఎన్‌వీఎంఈ ఉండొచ్చు. వేగం విషయానికొస్తే సాటా సెకనుకి సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ మూడో తరంలో 3500, నాలుగో తరంలో 7000 ఎంబీ దాకా వెళ్తుంది. కొనేటప్పుడు "ఎం.2 ఇవ్వండి" అంటే సరిపోదు, "ఎం.2 ఎన్‌వీఎంఈ" అనో "ఎం.2 సాటా" అనో స్పష్టంగా చెప్పాలి.

మా ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

అడుగున స్టిక్కర్ మీద పూర్తి మోడల్ నంబర్ ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టి సర్వీస్ మాన్యువల్ తెరవండి, స్టోరేజ్ అన్నచోట ఏ రకం డ్రైవ్ పడుతుందో రాసి ఉంటుంది. డెస్క్‌టాప్ అయితే విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో మదర్‌బోర్డ్ పేరు చూసి, దాని మాన్యువల్ వెతకండి.

వెనక మూత విప్పి చూసేవాళ్లు ఒకటి గమనించాలి. వైఫై కార్డు కూడా అచ్చం ఎం.2 స్లాట్‌లోనే ఉంటుంది. సన్నని నలుపు, తెలుపు వైర్లు రెండు తగిలించి ఉన్నది అదే, అక్కడ ఎస్‌ఎస్‌డీ పట్టదు. ఎస్‌ఎస్‌డీ స్లాట్ దగ్గర 2280, 2242, 2230 లాంటి అంకెలు ముద్రించి ఉంటాయి. 22 వెడల్పు, మిగిలింది పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. స్లాట్ 2242 అయితే 80 మిల్లీమీటర్ల డ్రైవ్ లోపల ఇమడదు. ఇంకోటి, డ్రైవ్ అంచున రెండు గాట్లుంటే అది ఎక్కువగా సాటా, ఒకే గాటు ఉంటే ఎక్కువగా ఎన్‌వీఎంఈ. అయినా గాటు కుదిరినంత మాత్రాన పనిచేస్తుందని లెక్క కాదు. ఎన్‌వీఎంఈ మాత్రమే, లేదా సాటా మాత్రమే తీసుకునే స్లాట్లు ఉన్నాయి. చివరి మాట మాన్యువల్‌దే.

షాపతను ఎన్‌వీఎంఈనే తీసుకోమంటున్నాడు. సాటాతో పోలిస్తే నిజంగా తేడా తెలుస్తుందా?

హార్డ్‌డిస్క్ నుంచి మారేవాళ్లకి ఏది వేసినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. కానీ బ్రౌజింగ్, వర్డ్, ట్యాలీ పనుల్లో సాటాకీ ఎన్‌వీఎంఈకీ మధ్య తేడా పట్టుకోవడం కష్టం. పెద్ద పెద్ద వీడియో ఫైళ్లు అటూ ఇటూ కాపీ చేసేవాళ్లకి తెలుస్తుంది. స్లాట్ ఉంటే ఎన్‌వీఎంఈనే తీసుకోండి, ధరలో పెద్ద తేడా ఉండదు. స్లాట్ లేదని కొత్త మదర్‌బోర్డ్ కొనడం మాత్రం అనవసరం. నాలుగో తరం డ్రైవ్‌ని మూడో తరం స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది, వేగం స్లాట్‌కి తగ్గట్టే ఉంటుంది. ఐదో తరం డ్రైవ్‌లు బాగా వేడెక్కుతాయి, ఖరీదూ ఎక్కువే. ఇంటి అవసరాలకి వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

2012 నాటి డెస్క్‌టాప్ మాది. అడాప్టర్ కార్డు పెట్టి ఎన్‌వీఎంఈ వేయొచ్చా?

వేస్తే విండోస్ లోపల కనిపించవచ్చు గానీ, దాని నుంచి బూట్ అవ్వదు, అంటే విండోస్ మొదలవ్వదు. ఇంటెల్ బోర్డుల్లో 2014లో వచ్చిన 9 సిరీస్ చిప్‌సెట్ల నుంచే ఆ సౌకర్యం మామూలైంది. మీకు 2.5 అంగుళాల సాటా సరైనది. పాత బోర్డులో సాటా పోర్టు సగం వేగందే అయినా బాధపడకండి, చిన్న ఫైళ్లు తక్షణం అందడం వల్ల వచ్చే లాభం ఎక్కడికీ పోదు.

మ్యాక్‌బుక్‌కి కూడా వేయొచ్చా?

2012 నాటి, రెటినా స్క్రీన్ లేని మ్యాక్‌బుక్ ప్రోలో మామూలు 2.5 అంగుళాల సాటా పడుతుంది. 2020 నుంచి వచ్చిన ఎం1, ఆ తర్వాతి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చుకునే వీలు లేదు.

ఒకే డ్రైవ్ పెట్టే చోటుంది. పాత హార్డ్‌డిస్క్‌ని కూడా లోపలే ఉంచుకోవచ్చా?

డీవీడీ డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే దాన్ని తీసేసి, ఆ చోట క్యాడీ (డీవీడీ డ్రైవ్ ఆకారంలో ఉండే ఫ్రేమ్) పెట్టి అందులో హార్డ్‌డిస్క్ బిగించవచ్చు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి, డీవీడీ డ్రైవ్ మందం కొలిచి కొనండి. ఎస్‌ఎస్‌డీ అసలు చోటులో, హార్డ్‌డిస్క్ క్యాడీలో ఉండాలి.

## ఎంత సైజు, ఏ రకం?

256 జీబీ చాలా, 512 తీసుకోవాలా, 1 టీబీ కావాలా?

సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఇప్పటికి ఎంత వాడారో చూడండి. దానికి రెట్టింపు సైజు తీసుకుంటే నాలుగైదేళ్లు నిశ్చింత. 256 చాలనిపిస్తుంది గానీ విండోస్, అప్‌డేట్లు, వాట్సాప్ ఫొటోలు కలిస్తే రెండేళ్లలోనే ఎర్ర గీత కనిపిస్తుంది. నా సలహా చాలామంది ఇళ్లకి 500 లేదా 512. ఫొటోలు, పెళ్లి వీడియోలు హార్డ్‌డిస్క్‌లో ఉంచుకోగలిగితే ఇది బాగా సరిపోతుంది. డ్రైవ్ నిండిపోయే కొద్దీ రాసే వేగం పడిపోతుంది కాబట్టి ఎప్పుడూ 15, 20 శాతం ఖాళీ ఉంచండి.

టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అంటే ఏంటి? డీర్యామ్ లేనిది కొనకూడదంటున్నారు, నిజమేనా?

చిప్‌లోని ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాస్తే టీఎల్‌సీ, నాలుగు దాస్తే క్యూఎల్‌సీ. నాలుగు దాచేది చౌక, కానీ రాయడం నెమ్మది, ఆయుష్షు తక్కువ. దాదాపు ప్రతి డ్రైవ్‌లోనూ కొంత భాగం వేగంగా రాసే క్యాషీగా పనిచేస్తుంది. అది నిండాక క్యూఎల్‌సీ అసలు రంగు బయటపడుతుంది. వంద జీబీల పెళ్లి వీడియో కాపీ పెడితే మొదట జోరుగా వెళ్లి, మధ్యలో హార్డ్‌డిస్క్ వేగానికి దిగిపోవచ్చు. రోజువారీ పనుల్లో ఆ పరిస్థితి రాదు. అయినా ధరలో కొద్ది తేడాయే ఉంటే టీఎల్‌సీ తీసుకోండి.

డీర్యామ్ సంగతి వేరు. ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టికని ఉంచుకోవడానికి వాడే చిన్న మెమరీ అది. అది లేని ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు చాలావరకు కంప్యూటర్ ర్యామ్‌లో కొంచెం అరువు తీసుకుంటాయి కాబట్టి ఇంటి వాడకానికి ఇబ్బంది లేదు. సాటాకి ఆ అరువు సౌకర్యం లేదు. సాటాలో మాత్రం డీర్యామ్ ఉన్నది దొరికితే దానికే ఓటు వేస్తాను.

రాసిరాసి ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందట. ఎన్నేళ్లు వస్తుంది?

అరుగుతుంది, కానీ మీరు భయపడేంత త్వరగా కాదు. డేటాషీట్‌లో టీబీడబ్ల్యూ అని ఒక అంకె ఉంటుంది, మొత్తం ఎన్ని టెరాబైట్లు రాసేదాకా వారంటీ వర్తిస్తుందో చెప్పేది. 500 జీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లలో 300 చుట్టుపక్కల ఉండటం మామూలు. రోజుకి 30 జీబీ రాసినా అది పూర్తవ్వడానికి పది వేల రోజులు, అంటే 27 ఏళ్లు. అరుగుదల కన్నా డ్రైవ్‌ని నడిపే కంట్రోలర్ చిప్ పాడవడం వల్ల ముందే పోయే అవకాశమే ఎక్కువ. అందుకే టీబీడబ్ల్యూ కన్నా వారంటీ మూడేళ్లా, ఐదేళ్లా అన్నది ముందు చూడండి.

## కొనేటప్పుడు

ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకే 2 టీబీ ఎస్‌ఎస్‌డీ కనిపించింది. కొనొచ్చా?

వద్దు. ఆ ధరకి 2 టీబీ చిప్‌లు రావు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, 2 టీబీ అని చూపించేలా దాని లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మార్చి అమ్ముతారు. మొదట కాపీ చేసిన కొన్ని ఫైళ్లు బాగానే ఉంటాయి, ఆ తర్వాతవి పేర్లు మాత్రమే మిగిలి తెరుచుకోవు. ఇప్పటికే కొనేసి ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత టూల్‌తో డ్రైవ్ నిండా రాయించి చదివించండి. నకిలీదైతే బయటపడుతుంది, రిటర్న్ గడువు లోపలే ఈ పని చేయండి.

షాపులో కొనడం మేలా, ఆన్‌లైన్ మేలా?

ఎక్కడైనా సరే, సీరియల్ నంబర్ వేసిన జీఎస్టీ బిల్లు ఉండాలి. వారంటీకి అదే ఆధారం. ఆన్‌లైన్‌లో అమ్మకందారు పేరు చూడండి, బ్రాండ్ అధికారిక స్టోర్ అయితే మేలు. హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ, ఎలాగూ ఉంది. అక్కడ రెండు మూడు షాపుల్లో రేటు అడిగి, సీల్ మీ ముందే తీయించండి. మెషీన్ వెంట తీసుకెళ్తే ఏది పడుతుందో అక్కడికక్కడే తేలిపోతుంది. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తానంటే ఒప్పుకోకండి.

ధరలు పెరిగాయంటున్నారు. కొన్నాళ్లు ఆగనా?

ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి. క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకి అమ్మే వ్యాపారాన్ని మానేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది కూడా. హార్డ్‌డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే, ఫైళ్లు తెరుచుకోకుండా ఎర్రర్లు ఇస్తుంటే ఆగొద్దు. పని నడుస్తూ, కేవలం 512 నుంచి 1 టీబీకి మారాలన్న కోరికే అయితే ఆగండి.

## మార్చేటప్పుడు

పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు క్లోన్ చేయాలా, విండోస్ కొత్తగా వేయాలా?

మీ సాఫ్ట్‌వేర్లను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోగలరా అన్నదాన్ని బట్టి నిర్ణయించుకోండి. మామూలు ఇంటి మెషీన్ అయితే కొత్తగా వేయడమే నాకు ఇష్టం. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త పోతుంది. డీటీపీ పని చేసేవాళ్ల పరిస్థితి వేరు. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్, వందల ఫాంట్లు ఎప్పుడో ఎవరో వేసిచ్చి ఉంటారు, సీడీ ఎక్కడుందో తెలియదు. ట్యాలీ లెక్కలున్న మెషీన్ కూడా అంతే. అలాంటివాటికి క్లోనే దారి.

సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో కొత్త ఎస్‌ఎస్‌డీని తగిలించి, ఎస్‌ఎస్‌డీ కంపెనీ ఇచ్చే ఉచిత క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో కాపీ చేయండి. 1 టీబీ హార్డ్‌డిస్క్ నుంచి 500 జీబీకి మారేటప్పుడు వాడిన స్థలం 500కి లోపే ఉంటే చాలావాటిలో కుదురుతుంది. క్లోన్‌జిల్లా అనే ఉచిత క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం మామూలుగా కొత్త డిస్క్ పాతదానంత లేదా అంతకన్నా పెద్దదిగా ఉండాలి. పాత డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు (చదవలేనంతగా పాడైన భాగాలు) ఉంటే క్లోనింగ్ మొదలుపెట్టకుండా ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోటికి తీసేయండి.

కొత్త ఎస్‌ఎస్‌డీకి విండోస్ లైసెన్స్ మళ్లీ కొనాలా?

అక్కర్లేదు. విండోస్ 10, 11ల డిజిటల్ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డ్‌కి ముడిపడి ఉంటుంది, డిస్క్‌కి కాదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. ఇన్‌స్టాల్ మధ్యలో ప్రొడక్ట్ కీ అడిగితే నా దగ్గర లేదన్న ఆప్షన్ నొక్కి, ఇంతకుముందున్న ఎడిషన్‌నే, హోమ్ అయితే హోమ్, ఎంచుకోండి. ఇంటర్నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేనెప్పుడూ పెట్టలేదే?

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌లోని డేటాకి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, బిట్‌లాకర్ అంటే అదే. 48 అంకెల కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది, ఫోన్ నుంచి లాగిన్ అయి చూడొచ్చు. డ్రైవ్ మార్చే ముందే ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. క్లోన్ చేయాలంటే సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగి మొదలుపెట్టండి.

నేనే విప్పి బిగించుకోగలనా?

సరైన స్క్రూడ్రైవర్, ఓపిక ఉంటే చేసుకోవచ్చు. చార్జర్ తీసేసి, షట్‌డౌన్ చేసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. స్టాటిక్ కరెంటు పోవడానికి ఏదైనా ఇనప వస్తువుని ముట్టుకుని పని మొదలుపెట్టండి. ఎం.2 డ్రైవ్‌ని కొద్దిగా వాలుగా పట్టుకుని, బంగారు రంగు పళ్లు దాదాపు కనిపించకుండా పోయేదాకా లోపలికి తోయాలి. చెయ్యి తీయగానే అవతలి కొస స్ప్రింగ్‌లా పైకి లేస్తుంది, అది సహజమే. మెల్లగా కిందికి నొక్కి స్క్రూ బిగించండి. ఈ బుల్లి స్క్రూ చాలాసార్లు డ్రైవ్‌తో రాదు. డెస్క్‌టాప్‌లో సాటా అయితే డేటా కేబుల్ కూడా విడిగా కొనాల్సి ఉంటుంది.

విండోస్ వేస్తుంటే డ్రైవ్ జాబితా ఖాళీగా వస్తోంది. ఎస్‌ఎస్‌డీ పాడైందా?

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవ్వగానే విండోస్ కన్నా ముందు తెరవగలిగే సెట్టింగ్స్‌లో) డ్రైవ్ పేరు కనిపిస్తుంటే పాడవలేదు. ఇంటెల్ పదకొండో తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, దాని డ్రైవర్ విండోస్ పెన్‌డ్రైవ్‌లో లేకపోతే జాబితా ఖాళీగానే వస్తుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పిన ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో వేసి, "లోడ్ డ్రైవర్" నొక్కి చూపించండి. బయోస్‌లోనే కనిపించకపోతే డ్రైవ్ తీసి మళ్లీ బిగించండి.

రెండో డ్రైవ్‌గా బిగించాను. దిస్ పీసీలో కనిపించట్లేదు.

కొత్త డ్రైవ్ ఖాళీ స్థలం లాంటిది, దాన్ని సిద్ధం చేయాలి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఇనిషియలైజ్ చేయమని అడిగితే జీపీటీ ఎంచుకుని, నల్లగా ఉన్న భాగం మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ ఇవ్వండి. పాత డిస్క్ మీద పొరపాటున ఫార్మాట్ నొక్కకుండా సైజు చూసుకుని చేయండి.

క్లోన్ అయింది, కానీ ఇంకా పాత డిస్క్ నుంచే బూట్ అవుతోంది.

క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ తీసేసి ఉంచండి. ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో విండోస్ చక్కగా వచ్చాక, పాతది తగిలించి బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో ఎస్‌ఎస్‌డీని పైన పెట్టండి. పాత డిస్క్‌ని కనీసం రెండు వారాలు చెరపకుండా ఉంచండి.

## వాడకంలో

500 జీబీ కొంటే 465 చూపిస్తోంది. మోసమా?

కాదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది. 1 టీబీ అయితే 931 కనిపిస్తుంది.

డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లని ఒకచోట చేర్చడం) చేయాలా?

అక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీకి కావాల్సింది ట్రిమ్, అంటే చెరిపేసిన ఫైళ్ల చోటు ఇక ఖాళీ అని డ్రైవ్‌కి చెప్పడం, దాన్ని విండోస్ 10, 11 వారానికోసారి వాటంతటవే చేస్తాయి. ఆ షెడ్యూల్‌ని ఆపకండి.

ఎస్‌ఎస్‌డీ పాడైతే డేటా వెనక్కి తెప్పించుకోవచ్చా?

ఆ ఆశ పెట్టుకోవద్దు. హార్డ్‌డిస్క్ చాలాసార్లు చప్పుడు చేసో, నెమ్మదించో ముందే సూచన ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ నిన్న రాత్రి దాకా పనిచేసి ఈ పొద్దున బయోస్‌లోనే కనిపించకుండా పోవచ్చు. పొరపాటున చెరిపేసిన ఫైళ్లు కూడా ట్రిమ్ జరిగాక తిరిగి రావు. డ్రైవ్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో సాఫ్ట్‌వేర్‌లో హెల్త్ 98 శాతం ఉంది కదా అని ధీమా పడకండి, అది అరుగుదలనే చెప్తుంది. పిల్లల ఫొటోలు, భూమి పత్రాల స్కాన్‌లు, పీఎఫ్ కాగితాలు ఎప్పుడూ రెండో చోట ఉండాలి. మాటిమాటికీ కరెంటు పోయే ఊళ్లో డెస్క్‌టాప్ వాడితే చిన్న యూపీఎస్ పెట్టించండి.

ఫొటోలన్నీ ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో దాచుకోవచ్చా?

ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా దాచడానికి ఎస్‌ఎస్‌డీ తగదు. సెల్స్‌లోని విద్యుదావేశం మెల్లగా కారిపోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. మెమరీ చిప్‌లకి ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, రాయగలిగినంతా రాసి అరిగిపోయిన ఇంటి రకం డ్రైవ్ 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలుపుకుంటే చాలు. కొత్త డ్రైవ్ అంతకన్నా చాలా ఎక్కువ కాలమే ఉంచుతుంది, కానీ మన మే నెల ఎండల్లో బీరువా లోపల 30 దాటుతుంది. దాచడానికి హార్డ్‌డిస్క్ వాడండి, ఆరు నెలలకోసారి తగిలించి తెరిచి చూడండి.

తీసేసిన పాత హార్డ్‌డిస్క్‌ని ఏం చేయాలి?

ఆరోగ్యంగా ఉంటే యూఎస్‌బీ కేస్ కొని బ్యాకప్‌కి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ డిస్క్‌కి మామూలు కేస్ చాలు, డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డిస్క్‌కి విడిగా కరెంటు అడాప్టర్ ఉన్న కేస్ కావాలి. అమ్మేటట్టయితే మాత్రం క్విక్ ఫార్మాట్ సరిపోదు, ఫైళ్లు తేలిగ్గా వెనక్కి వస్తాయి. ఫార్మాట్ విండోలో క్విక్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ ఇవ్వండి, విండోస్ ఆ భాగం మొత్తం సున్నాలతో నింపుతుంది. డిస్క్‌లో డీ, ఈ డ్రైవ్‌లు కూడా ఉంటే ఒక్కొక్కదానికీ అలాగే చేయాలి. 1 టీబీకి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి.